ఇంట్లో చిన్నపిల్లలకు లెక్కలు నేర్పడం: ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న తరగతులకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలిగా, ఇద్దరు ఆడపిల్లల తల్లిగా నాకు ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్నలను, వాటికి నేను నమ్మి చెప్పే సమాధానాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఇవన్నీ నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఈ వయసులో అంకె కాగితం మీదికి ఎక్కడానికి ముందు చేతికి అందాలని, పది లోపల గట్టిపడిన లెక్క వంద వరకు వల్లించిన వరుస కంటే విలువైనదని నా అభిప్రాయం. కింది సమాధానాలన్నీ ఆ అభిప్రాయం మీద ఆధారపడినవే.

మా పాప వంద వరకు గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. లెక్కలు వచ్చినట్టేనా?

సంఖ్యల పేర్లు వరుసగా వచ్చినట్టు. అది మంచి ఆరంభమే గానీ లెక్కపెట్టడం వేరు. మా చిన్నమ్మాయికి నాలుగున్నరేళ్ళప్పుడు వంద వరకు పాటలా వచ్చేది. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టం ముందూ మేము అది చెప్పించి మురిసిపోయేవాళ్ళం. ఒక ఆదివారం భోజనాలకు కూర్చోబోతూ "అమ్మలూ, నాలుగు చెంచాలు పట్టుకురా" అన్నాను. గుప్పెట్లో పట్టినన్ని తెచ్చి నా ముందు పోసింది. ఎన్ని తెచ్చావో చెప్పమంటే ఒక్కొక్కదాన్నీ వేలితో తాకుతూ ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టింది గానీ, వేలి కంటే నోరు ముందుకు పరుగెత్తడంతో ఏడు చెంచాలకు తొమ్మిది దాకా వెళ్ళింది. "అయితే మొత్తం ఎన్నమ్మా?" అని అడిగితే నా ముఖంలోకి చూసి, మళ్ళీ ఒకటి నుంచి ఎత్తుకుంది. వంద వరకు చెప్పగలిగిన పిల్లకు "ఎన్ని" అనే మాటకు అర్థం ఇంకా అందలేదని నాకు ఆ రోజు తెలిసింది.

లెక్కపెట్టడంలో దాగివున్న మెట్లను మనస్తత్వ శాస్త్రవేత్తలు రాచెల్ గెల్మన్, గాలిస్టెల్ 1978లో విడదీసి చూపించారు. ఒక్కో వస్తువుకు ఒక్కో పేరే చెప్పాలి, దేన్నీ వదిలేయకూడదు, దేన్నీ రెండుసార్లు తాకకూడదు. పేర్ల వరుస ఎప్పుడూ ఒకేలా ఉండాలి. చివర చెప్పిన పేరే మొత్తం గుంపుకు చెందిన సంఖ్య అని తెలియాలి. ఏ వస్తువులనైనా లెక్కపెట్టవచ్చని, ఎటువైపు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదని కూడా అర్థం కావాలి. వీటిలో మూడవది, అంటే చివరి మాటే మొత్తమనే సంగతి, పిల్లలకు అన్నిటికంటే ఆలస్యంగా పట్టుబడే వాటిలో ఒకటి. తల్లిదండ్రులు సాధారణంగా గమనించకుండా దాటిపోయేది కూడా అదే.

మీ పాపకు ఇది వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే "ఇవి ఎన్ని?" అని అడగడం కంటే "డబ్బాలోంచి ఐదు గింజలు తీసి ఇవ్వు" అని అడగడం మేలు. ఐదు దగ్గర ఆగడానికి ఐదంటే ఏమిటో తెలియాలి. ఆగకుండా తీస్తూ పోతే కోప్పడవద్దు; ఇంకొన్నాళ్ళు మూడు, నాలుగు దగ్గరే ఆడించండి.

యూకేజీ పూర్తయ్యేసరికి ఎంతవరకు రావాలి?

కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం, ఒకటో తరగతికి ముందటి ఏడాదికి, అంటే మన యూకేజీ వయసుకు, పెట్టిన లక్ష్యం చాలామంది తల్లిదండ్రులను ఆశ్చర్యపరుస్తుంది. 10 వరకు అంకెలను గుర్తుపట్టి చదవడం, వస్తువులను, ఆకారాలను, సంఘటనలను ఒక వరుసలో అమర్చడం, అంతే. 99 వరకు చదవడం, రాయడం, తేలికైన కూడికలు, తీసివేతలు ఒకటో తరగతి లక్ష్యాలు. అమెరికాలో అనేక రాష్ట్రాలు అనుసరించే కామన్ కోర్ ప్రమాణాలలో ఐదేళ్ళ పిల్లల కిండర్‌గార్టెన్‌కు కొంచెం ఎక్కువ ఉంటుంది: 100 వరకు నోటితో చెప్పడం, 20 వరకు రాయడం, 10 లోపల కూడిక, తీసివేత, అందులోనూ 5 లోపలివి తడుముకోకుండా చేయడం. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడి బంధువుల పిల్లలతో తమ పిల్లలను పోల్చుకుని కంగారు పడేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

మన ఊళ్ళలోని కొన్ని ప్రైవేటు బడులు యూకేజీలోనే వెయ్యి వరకు రాయిస్తున్న మాట నిజమే. అది ఆ బడులు పెట్టుకున్న లక్ష్యమే గానీ, ఆ వయసు పిల్లల అవసరం మాత్రం కాదు.

రోజుకు ఎంతసేపు కూర్చోబెట్టాలి?

ప్రత్యేకంగా కూర్చోబెడితే పది నిమిషాలు చాలు. పిల్లవాడు ఇంకా ఆడదామంటే పదిహేను. మిగిలిన లెక్కంతా మెట్లు ఎక్కేటప్పుడు, బట్టలు మడతపెట్టేటప్పుడు, కూరగాయలు తరిగేటప్పుడు దానంతటదే జరగాలి. ఆదివారం గంటసేపు కూర్చోబెట్టి మిగతా వారమంతా వదిలేయడం కంటే రోజూ ఐదు నిమిషాలు ఎంతో మేలు చేస్తుంది.

ఏమేం కొనాలి?

ఏమీ కొననక్కరలేదు. చింతగింజలు, బాదం కాయలు, సీసా మూతలు, చొక్కా గుండీలు, బట్టలకు పెట్టే క్లిప్పులు, ఇస్త్రీకి వెళ్ళే బట్టలు, ఏవైనా పనికివస్తాయి. ఇంట్లో గుంట పొంగనాల పెనం ఉంటే దాన్ని ఒకసారి కింద పెట్టి చూడండి. చిన్న పెనంలో మధ్యన ఒక గుంట, చుట్టూ ఆరు గుంటలు ఉంటాయి. ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేయమనండి. అన్నీ నిండితే ఏడు; ఒకటి ఖాళీగా ఉంటే ఆరు; మధ్యది ఒక్కటే నిండితే ఒకటి. నాలుగు రోజులు ఇలా ఆడాక పిల్లలు లెక్కపెట్టకుండానే, ఖాళీగా ఉన్న గుంటలను చూసి "ఐదున్నాయి, రెండు కావాలి" అనేస్తారు. మూడు, నాలుగు వస్తువులను చూపుతోనే ఎన్నో చెప్పగలిగే శక్తి మనిషికి సహజంగానే ఉంది. అంతకు మించిన సంఖ్యలను ఇలాంటి అమరికలు చిన్న చిన్న గుంపులుగా విడదీసి కంటికి అందిస్తాయి. పాచిక మీది చుక్కలు, నాలుగు గుంటల ఇడ్లీ రేకు, ముప్పై గుడ్ల అట్ట కూడా ఇలాగే ఉపయోగపడతాయి.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరిగా తీసుకోవాలి. ఇంట్లో మూడేళ్ళ లోపు పిల్లలు ఉంటే గింజలు, గుండీలు, నాణేలు వారికి అందకుండా ఆట ముగియగానే లెక్కపెట్టి డబ్బాలో వేయాలి. ఆ లెక్కపెట్టే పని పెద్దపిల్లకే అప్పగిస్తే అదీ ఒక పాఠమే. రెండవది, గురివింద గింజలను ఏ పరిస్థితిలోనూ వాడకూడదు. ఎర్రగా, నల్లటి బొట్టుతో ముచ్చటగా ఉండే ఆ గింజను కొరికి నమిలితే ప్రాణం తీసేంత విషం. వాటితో ఆడుకున్న పెద్దవాళ్ళు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వేళ్ళ మీద లెక్కపెట్టే అలవాటు మాన్పించాలా?

వద్దు. ఐదేళ్ళ పిల్లకు వేళ్ళే మొదటి పలక. బడిలో వద్దన్నారని చేతులు వెనక్కి దాచుకుని లెక్కపెట్టే పిల్లలను నేను చూశాను. ఆ పిల్లలకు భయం ఒక్కటే అదనంగా మిగులుతుంది. లెక్క మనసులో కుదురుకున్నాక వేళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. ఐదు కోసం ప్రతిసారీ వేళ్ళను ఒకటి నుంచి ఎంచుతుంటే మాత్రం, చెయ్యి మొత్తం ఒక్కసారి చాచి "ఇది ఐదు" అని, ఇంకో చేతి వేలు కలిపి "ఇది ఆరు" అని చూపించండి.

మన అమ్మమ్మలు బొటనవేలిని మిగతా వేళ్ళ కణుపుల మీద జరుపుతూ లెక్కపెట్టడం పిల్లలకు తప్పకుండా చూపించదగ్గ విద్య. ఒక్కో వేలికి మూడు చొప్పున నాలుగు వేళ్ళకు పన్నెండు వస్తాయి. అయితే ఒక్కో వేలు ఒక్కో సంఖ్య అన్నది ముందు కుదిరిన తరువాతే కణుపుల దగ్గరకు వెళ్ళాలి.

కూడిక, తీసివేత ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలి?

గుర్తులు రాయకముందే మొదలుపెట్టవచ్చు. నిజానికి మీ ఇంట్లో అది ఎప్పుడో మొదలై ఉంటుంది. "నీ కంచంలో రెండు ఇడ్లీలున్నాయి, ఇంకొకటి వేస్తాను, ఇప్పుడెన్ని?" అని అడిగితే అది కూడిక. ఒకటి తినేశాక "ఇంకా ఎన్ని మిగిలాయి?" అంటే అది తీసివేత. "తమ్ముడికి మూడున్నాయి, నీకు రెండే ఉన్నాయి, నీకూ మూడు కావాలంటే ఇంకెన్ని వేయాలి?" అన్నదీ తీసివేతే గానీ, పిల్లలకు ఇది కష్టం. ఎందుకంటే ఇక్కడ ఎవరూ ఏదీ తీసివేయడం లేదు, తేడాను వెతకాలి. ఈ మూడు రకాల మాటలూ పిల్లల చెవిన పడాలి. "కలపడం అంటే ప్లస్, తీయడం అంటే మైనస్" అని మొదటి రోజే రాయించిన పిల్లలు, తరువాత ఒకటో తరగతిలో మాటల లెక్క ఇవ్వగానే "ఇది కలపాలా, తీయాలా మేడం?" అని అడుగుతారు. లెక్కలోని సంగతిని ఊహించుకునే అలవాటు వారికి పడలేదన్నమాట.

నాకు బాగా ఇష్టమైన ఆట మన సరి-బేసి ఆటకు చిన్నపిల్లల రూపం. ఐదు చింతగింజలు నేల మీద పెట్టి ఇద్దరూ కలిసి లెక్కపెట్టాలి. పాప కళ్ళు మూసుకుంటుంది. మీరు కొన్నిటిని గుప్పెట్లో దాచి, మిగిలినవి నేల మీద వదులుతారు. పాప కళ్ళు తెరిచి, నేల మీద మూడు కనబడితే గుప్పెట్లో ఎన్ని ఉన్నాయో చెప్పాలి. మొదట్లో ఊహించి ఏదో ఒకటి అంటుంది. గుప్పెట విప్పి చూపించండి. కొన్ని రోజులకు వేళ్ళ సాయం తీసుకుంటుంది. ఒకనాడు మీరు గుప్పెట ముడవగానే "రెండు!" అంటుంది. ఐదు అంటే నాలుగూ ఒకటీ, మూడూ రెండూ, ఐదూ సున్నా అని ఆ పిల్లకు తెలిసిపోయిందన్నమాట. అప్పుడు ఆరుకు వెళ్ళండి, ఆపైన ఏడుకు, అలా పది వరకు. పది చేరడానికి ఏడాది పట్టినా పర్వాలేదు, ఎందుకంటే రేపు ఎనిమిదికి ఐదు కలపాల్సి వచ్చినప్పుడు ఆ ఐదును రెండుగా, మూడుగా విరిచి పదిని దాటే నేర్పు ఈ గుప్పెట్లోంచే వస్తుంది.

కొన్ని ఇళ్ళలో పెద్దవాళ్ళు ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టి, "ఏడు" అనే మాటలో ఏడుపు వినిపిస్తుందని దాని బదులు "ఆరున్నొకటి" అనేవారు. ఆరూ ఒకటీ కలిస్తే ఏడవుతుందని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

సున్నా గురించి ఎప్పుడు చెప్పాలి?

కంచం ఖాళీ అయినప్పుడు. "లడ్డూలు ఎన్ని మిగిలాయి? ఏమీ లేవు. అదే సున్నా." ఒకటి కంటే ముందు వచ్చే అంకెగా చెప్పడం కంటే, ఉన్నవన్నీ అయిపోయాక మిగిలేదిగా చెబితే పిల్లలు వెంటనే పట్టుకుంటారు.

మా బాబు 2, 3, 5, 7 అంకెలను తిరగేసి రాస్తున్నాడు. భయపడాలా?

ఈ వయసులో అది చాలా సాధారణం. అద్దంలో చూసినట్టు రాయడం దాదాపు ఏడేళ్ళ వరకు అక్కడక్కడా కనిపిస్తుంది. గిన్నెను ఎటు తిప్పినా అది గిన్నే అని ఇన్నాళ్ళూ నేర్చుకున్న కంటికి, 3ను తిప్పితే 3 కాదని ఒప్పుకోవడానికి సమయం కావాలి. పళ్ళెంలో పల్చగా బియ్యప్పిండి పరిచి చూపుడువేలితో పెద్దగా రాయించండి, మీరు వేలు పెట్టిన చోటే వాడినీ వేలు పెట్టి మొదలుపెట్టమనండి. తప్పు రాసిన అంకెను ఇరవైసార్లు రాయిస్తే చెయ్యి నొప్పి పుడుతుంది గానీ దిక్కు గుర్తుండదు. రాయడం రాలేదని లెక్క ఆపవద్దు. అట్టముక్కల మీద అంకెలు రాసి ఇస్తే, వాటిలోంచి సరైనదాన్ని ఎంచి గింజల పక్కన పెట్టడం కూడా అంత విలువైన సాధనే.

అంకెలు తెలుగులో నేర్పాలా, ఇంగ్లీషులోనా?

ఇంట్లో తెలుగు మాట్లాడితే ముందు తెలుగులో నేర్పమని నేను గట్టిగా చెబుతాను. దీనికి భాషాభిమానంతో పాటు లెక్కలకు సంబంధించిన కారణం కూడా ఉంది. పదకొండు నుంచి పంతొమ్మిది వరకు మన పేర్లన్నిటిలోనూ పది ముందు వినిపిస్తుంది: పదమూడు అంటే పది, మూడు, పదహారు అంటే పది, ఆరు. రాసేటప్పుడు కూడా పదిని చెప్పే 1 ముందు వచ్చి, మూడో ఆరో తరువాత వస్తుంది. ఇంగ్లీషులో లెవెన్, ట్వెల్వ్ అనే పేర్లలో పది వినిపించదు. ఫోర్టీన్, సిక్స్‌టీన్ అన్నప్పుడు నాలుగు, ఆరు ముందు పలికి పది తరువాత పలుకుతుంది. అందుకే ఇంగ్లీషులో విని రాసే పిల్లలు 14కు బదులు 41 రాస్తుంటారు, థర్టీన్‌కూ థర్టీకీ తడబడతారు. తెలుగులో పదమూడు, ముప్పై విన్నప్పుడు ఆ చిక్కు రాదు. ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు అని తిన్నగా సాగిపోతుంది. డెబ్బై, తొంభై మాత్రం ఏడు, తొమ్మిదితో సులువుగా పోలిక పట్టనివ్వవు కాబట్టి అవి వినివిని అలవాటు కావాల్సిందే.

బడిలో ఇంగ్లీషు పేర్లే అడుగుతారు కదా అని సందేహం రావచ్చు. గుంపులో ఎన్ని ఉన్నాయో తెలిసిన పిల్లకు ఇంకో భాషలో పేరు నేర్చుకోవడం కొత్త మాట నేర్చుకోవడమే. లెక్కను మళ్ళీ నేర్చుకోనక్కరలేదు. విదేశాల్లో ఉన్న కుటుంబాలు అమ్మమ్మ, తాతయ్యలతో వీడియో కాల్ మాట్లాడేటప్పుడు ఐదు నిమిషాలు తెలుగు అంకెలతో ఆడించినా ఆ ఉపయోగం దక్కుతుంది.

తెలుగుకు ఉన్న ఇంకో సంపద మనుషుల లెక్క. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అని మనుషులకు వేరే మాటలున్నాయి. పిల్లలు "మూడు మంది వచ్చారు" అంటే వెక్కిరించకుండా "అవునమ్మా, ముగ్గురు వచ్చారు" అని సరైన మాటను తిరిగి అనండి. భోజనాల వేళ "మనం ఎంతమందిమి? ఐదుగురం. అయితే ఎన్ని కంచాలు? ఐదు" అని అడగడంలో మనిషికో కంచం చొప్పున జత కుదురుతుంది. ఎవరైనా ఊరెళ్ళిన రోజు ఒక కంచం తగ్గించాల్సి వస్తుంది.

మన పాత ఆటలు లెక్కలకు ఉపయోగపడతాయా?

చాలా ఉపయోగపడతాయి, అయితే ఏ ఆట ఏ వయసుకో చూసుకోవాలి. వైకుంఠపాళి అందరూ ముందు కొనే ఆట, కానీ నాలుగేళ్ళ పిల్లకు అది తొందరే. గడుల సంఖ్యలు ఒక వరుసలో ఎడమ నుంచి కుడికి, పై వరుసలో కుడి నుంచి ఎడమకు తిరుగుతాయి కాబట్టి ముందుకు వెళ్ళడమంటే ఎటో పిల్లలకు అర్థం కాదు. ముందు ఒక పొడవాటి అట్ట మీద పది గడులు తిన్నగా గీసి 1 నుంచి 10 వరకు రాయండి. ఒకటి, రెండు మాత్రమే పడేలా ఒక గవ్వ వేసి, వెల్లకిలా పడితే ఒకటి, బోర్లా పడితే రెండు అనుకోవచ్చు. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకులు 2008లో అమెరికాలో ప్రచురించిన పరిశోధనలో పేద కుటుంబాల చిన్నపిల్లలు ఇలాంటి పది గడుల ఆటను రెండు వారాల్లో నాలుగుసార్లు, మొత్తం మీద గంటకు కాస్త అటూఇటుగా ఆడితేనే వారి సంఖ్యా జ్ఞానం మెరుగుపడింది; గడుల్లో అంకెలకు బదులు రంగులున్న ఆట ఆడిన పిల్లలకు ఆ మేలు కలగలేదు. ఆ పరిశోధనలో ఒక చిన్న నియమం ఉంది, దాన్ని వదిలేయవద్దు. కాయ 3లో ఉండి రెండు పడితే పిల్ల "ఒకటి, రెండు" అనకుండా "నాలుగు, ఐదు" అని గడిలోని సంఖ్యను పలుకుతూ జరపాలి. ఉన్నచోటు నుంచి ముందుకు లెక్కపెట్టడం అలా అలవాటవుతుంది.

దీని తరువాత అష్టాచెమ్మా. ఐదు గడులకు ఐదు గడుల పట్టాన్ని సుద్దముక్కతో నేల మీద గీసుకోవచ్చు. నాలుగు గవ్వలు లేకపోతే చింతగింజలను ఒకవైపు అరగదీసి తెల్లగా చేసుకుంటే సరి. ఎన్ని వెల్లకిలా పడ్డాయో అన్ని గడులు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. గవ్వలు నేల మీద పడగానే చూపుతో ఎన్నో చెప్పే సాధన ఒక్కో ఆటలో పదులసార్లు జరుగుతుంది, పిల్లలకు అది చదువనే అనిపించదు. చంపడం, పండించడం లాంటి నియమాలన్నీ మొదట్లో పక్కన పెట్టి, ఒక్క కాయతో చుట్టూ తిరిగి లోపలికి రావడమే ఆటగా ఆడించండి.

వామనగుంటలు, కొన్నిచోట్ల ఓమనగుంటలు అంటారు, ఆరేళ్ళు వచ్చాక బాగుంటుంది. నియమాలు పట్టుబడకపోయినా, గుంటకొకటి చొప్పున గింజలు వదులుతూ పోవడం మాత్రం నాలుగేళ్ళకే నేర్పవచ్చు. వస్తువుకో పేరు చొప్పున చెప్పడానికి అంతకు మించిన సాధన లేదు, ఎందుకంటే నోరు తొందరపడినా గింజ వదిలే వేలు తొందరపడదు. తొక్కుడుబిళ్ళ గడుల్లో అంకెలు రాసి గెంతిస్తే కదలకుండా కూర్చోలేని పిల్లలకు లెక్క కాళ్ళ ద్వారా అందుతుంది.

లెక్కలంటే అంకెలేనా? ఆకారాలు, కొలతలు కూడా నేర్పాలా?

నేర్పాలి, వాటికి మన వాకిలే బడి. పొద్దున ముగ్గు పెట్టేటప్పుడు పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ఐదు చుక్కలు పెట్టి, సందు చుక్కలతో మూడు వరకు తగ్గించే ముగ్గులో మధ్య వరుసలో ఐదు, దానికి అటూ ఇటూ నాలుగేసి, ఆ పైనా కిందా మూడేసి చుక్కలుంటాయి. పిల్ల ఒక్కో వరుసను లెక్కపెడుతూ ఎందుకు తగ్గుతోందో చూస్తుంది, రెండో పక్క కూడా అలాగే ఉండాలని గ్రహిస్తుంది. మొత్తం పంతొమ్మిది చుక్కలని తరువాతెప్పుడో తానే లెక్క తేలుస్తుంది. తెలంగాణలో బతుకమ్మ పేర్చే రోజుల్లో ఒక వరుస తంగేడు, ఒక వరుస గునుగు, మళ్ళీ తంగేడు అని పేరుస్తూ "తరువాత ఏ పువ్వు?" అని అడిగితే అదే వరుసక్రమం పాఠం. కొలతలకు బియ్యం డబ్బా దగ్గర సోల, తవ్వ ఇంకా ఉంటే ఇవ్వండి. రెండు సోలలు పోస్తే తవ్వ నిండుతుందని చేత్తో పోసి తెలుసుకున్న పిల్ల మరిచిపోదు. అవి లేకపోతే చిన్న గ్లాసు, పెద్ద చెంబు చాలు.

ఐదు గింజలను దగ్గర దగ్గరగా ఒక వరుస, దూరం దూరంగా ఇంకో వరుస పెట్టి ఏవి ఎక్కువో అడిగితే ఈ వయసు పిల్లలు చాలామంది పొడుగ్గా ఉన్న వరుసను చూపిస్తారు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాఁ పియాజే దీన్ని విస్తారంగా పరిశీలించారు. వాదించి ఒప్పించాల్సిన పని లేదు. ఒక వరుసలోని గింజకు ఇంకో వరుసలోని గింజను జతచేసి చూపించి వదిలేయండి.

డబ్బుతో లెక్కలు నేర్పవచ్చా?

యూకేజీ చివర్లో మొదలుపెట్టవచ్చు, ముందే వద్దు. ఒకటే నాణెం ఐదు రూపాయలు ఎలా అయిందో పిల్లలకు అంతుబట్టదు. ఒక ఐదు రూపాయల బిళ్ళ కావాలా, రెండు రూపాయి బిళ్ళలు కావాలా అంటే రెండు బిళ్ళలే కావాలంటారు. ముందు రూపాయి బిళ్ళలతోనే దుకాణం ఆట ఆడించండి.

బడిలో ఎక్కాలు బట్టీ పట్టిస్తున్నారు, ఇంటికి పేజీలకు పేజీలు రాత ఇస్తున్నారు. ఏం చేయాలి?

నాకు చాలా బాధ కలిగించే సంగతి ఇది. మా పెద్దమ్మాయికి ఐదేళ్ళప్పుడు తను చదివిన బడిలో ఒక శని, ఆదివారాలకు 1 నుంచి 100 వరకు ఐదుసార్లు రాసుకురమ్మన్నారు. రెండోసారి యాభై దాటేసరికి పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పైగా వేగంగా పూర్తిచేయాలని నిలువు వరుసల్లో ముందు అన్ని ఒకట్లూ, తరువాత అన్ని రెండ్లూ రాసుకుంటూ పోయింది. అంటే రాసిన ఐదు వందల అంకెల్లో ఒక్కదాని గురించీ ఆలోచించలేదు. సోమవారం నేను బడికి వెళ్ళి టీచరుతో నెమ్మదిగా మాట్లాడాను. తల్లిదండ్రులు అడుగుతున్నారు కాబట్టే ఇస్తున్నామని ఆవిడ చెప్పారు, అందులో నిజముంది. ఒక పేజీ చాలని మనం అడిగితే చాలా మంది టీచర్లు సంతోషంగా ఒప్పుకుంటారు.

రెండో ఎక్కాన్ని పాటలా పాడుకుంటే నష్టమేమీ లేదు. అయితే చెప్పుల జతలను వరుసగా పెట్టి రెండు, నాలుగు, ఆరు అని లెక్కపెట్టిన తరువాత పాడితే ఆ పాటకు అర్థం ఉంటుంది. బడి ఇచ్చిన రాత తప్పనిసరి అయితే సగం రాయించి, మిగిలిన సగంలో అక్కడక్కడా ఖాళీలు వదిలి "ఇక్కడ ఏది రావాలి?" అని అడిగి పూరించండి.

ఫోనులో లెక్కల యాప్‌లు పెట్టవచ్చా?

రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలు తెర ముందు కూర్చునే సమయం రోజుకు గంట మించకూడదని, తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఆ కొద్ది సమయంలో మీరు పక్కన ఉండి ఆడిస్తే కొన్ని యాప్‌లు బాగానే ఉంటాయి. కానీ చింతగింజ చేతిలో బరువుంటుంది, జారిపోతుంది, లెక్క తప్పితే మళ్ళీ వెతుక్కోవాలి. తెర మీద బొమ్మను తాకితే అదే లెక్కపెట్టేస్తుంది. ఏ పనిని పిల్ల చేయాలో ఆ పనిని యాప్ చేసేస్తుంటే దాన్ని తీసేయండి.

తప్పు చెబితే వెంటనే సరిదిద్దాలా?

"తప్పు" అనే మాట పక్కన పెట్టి "ఎలా లెక్కపెట్టావో నాకు చూపించు" అనండి. సగంసార్లు చూపిస్తుండగానే తనే సరిచేసుకుంటుంది. సరైన జవాబు చెప్పినప్పుడు కూడా అప్పుడప్పుడూ ఇదే అడగాలి, లేకపోతే "చూపించు" అంటే తప్పు చెప్పానన్నమాట అని పిల్లలు కనిపెట్టేస్తారు. ఇంకో మాట: పిల్లల ముందు "నాకూ చిన్నప్పుడు లెక్కలు వచ్చేవి కావు, దీనికీ నా పోలికే" అనవద్దు. అందరి ముందు చెప్పించడం, అక్కతోనో పక్కింటి బాబుతోనో పోల్చడం కూడా వద్దు. చుట్టాల ముందు మా అమ్మాయి చేత వంద వరకు చెప్పించిన దానిగా ఇది నేను నేర్చుకుని చెబుతున్న మాట.

తోటి పిల్లల కంటే బాగా వెనకబడినట్టు అనిపిస్తే ఎవరిని కలవాలి?

నాలుగేళ్ళప్పుడు వెనకబడినట్టు కనిపించిన పిల్లలు ఆరేళ్ళకు మామూలుగా అందుకోవడం తరచూ చూస్తాం కాబట్టి, ఈ వయసులో పిల్లకు ఏ పేరూ తగిలించవద్దు. కానీ ఆరేళ్ళు దగ్గరపడుతున్నా, రోజూ ఆడిస్తున్నా, మూడు వస్తువులను చూసి ఎన్నో చెప్పలేకపోవడం, ఐదు వరకు వరుస నిలవకపోవడం, ఎక్కువ తక్కువల తేడా అసలు తెలియకపోవడం కనిపిస్తే ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి. బోర్డు మీది చుక్కలు కనబడని పిల్లను లెక్కలు రాని పిల్ల అనుకున్న సందర్భాలు నా తరగతిలోనే ఉన్నాయి. ఆ తరువాత పిల్లల వైద్యులను కలిసి, మాటలు, నడక, ఆటలలో కూడా మీరు గమనించినవన్నీ చెప్పండి. వెళ్ళేముందు రెండు వారాల పాటు పిల్ల ఏ ఆటలో ఎంతవరకు చేసిందో, ఎక్కడ ఆగిందో తేదీలతో సహా ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటే, "లెక్కలు రావడం లేదు డాక్టరుగారూ" అనే ఒక్క మాట కంటే ఆ కాగితం వారికి ఎన్నో రెట్లు ఉపయోగపడుతుంది.